పట్నం మురుగు, మన చెరువు: మునిసిపాలిటీ డ్రైనేజీ పథకంలో మనం ఏం అడగాలి?

(చెరువు ఆయకట్టు రైతుల సర్వసభ్య సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



టమోటా కోతల రోజుల్లో ఒక పూట పొలం వదిలి రావడమంటే ఎంత నష్టమో మాకు తెలుసు. అందుకే డొంకతిరుగుడు లేకుండా నేరుగా విషయానికి వస్తాం.

మన పట్నం మునిసిపాలిటీ భూగర్భ డ్రైనేజీ పథకం తయారు చేసింది. డీపీఆర్ సిద్ధమైంది. వచ్చే నెల కౌన్సిల్ సమావేశంలో తీర్మానానికి పెడుతున్నారు. అందులో మనకు సంబంధించినవి మూడున్నాయి. ఒకటి, శుద్ధి కేంద్రాన్ని మన చెరువుకు ఎగువన, వంక పక్కనున్న డీకేటీ భూముల్లో కడతారు. రెండు, శుద్ధి చేసిన నీటిని పారిశ్రామికవాడకు అమ్మే ఆలోచన ఉంది. మూడు, ఖర్చులో కొంత అప్పు తెచ్చి పన్నుల మీద తీరుస్తారు.

ఈ మూడింటి గురించీ మనల్ని ఎవరూ అడగలేదు. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టి డీపీఆర్ నకలు తీసుకున్నాం. అందులో ఒక పటం ఉంది. పట్నంలో ప్రతి వీధికీ పేరుంది, ప్రతి మ్యాన్‌హోల్‌కూ నంబరుంది. మన చెరువు దగ్గరికి వచ్చేసరికి ఒక నీలం మరక, దాని పక్కన 'నీరు వదిలే చోటు' అన్న మాట. అంతే. తూములు లేవు, మరవ లేదు, కింద ఆయకట్టు లేదు. మనం లేము. ఈ రోజు సమావేశం ఆ పటంలో మనల్ని ఎక్కించడానికే.

ఈ నీళ్లు మనకు కొత్త కాదు

ముందు మన గురించి మనం నిజం మాట్లాడుకుందాం.

ఒకప్పుడు ఈ వంక వానాకాలంలోనే పారేది. పట్నానికి కొళాయి నీళ్లు వచ్చాయి, ఇళ్లు పెరిగాయి, ప్రతి ఇంట్లో మరుగుదొడ్డి వచ్చింది. లోపలికి వచ్చిన నీళ్లు బయటికి పోవాలి కదా. నీరు పల్లమెరుగు. సెప్టిక్ ట్యాంకు పైనీళ్లు, స్నానాల నీళ్లు, హోటళ్ల నీళ్లు అన్నీ వీధి కాలువల్లో కలిసి వంకలోకి, వంక నుంచి మన చెరువులోకి వచ్చాయి.

మొదట్లో మనం సంతోషించాం. ఎండాకాలంలో కూడా వంక పారుతుంటే సంతోషించని రైతు ఎవరు? ఎండిన బోర్లలో నీళ్లు కనిపించాయి. ఒక కారు వేసేవాళ్లం రెండు కార్లు వేశాం. చివరి మడులకు కూడా తడి అందింది. సెప్టిక్ ట్యాంకు లారీ వాళ్లకు మనమే కబురు పెట్టి రాత్రిపూట పొలంలో వదిలించుకున్నాం కూడా. ఎరువు ఖర్చు కలిసొస్తుందనుకున్నాం. ఆ తప్పులో మనకూ వాటా ఉంది.

తరువాత ఒక్కొక్కటే బయటపడ్డాయి. నాట్లు వేసే ఆడవాళ్ల కాళ్లకు దురద, పుండ్లు. వంక మడులకు వస్తే కూలి ఎక్కువ ఇవ్వాలన్నారు, కొందరు అసలు రామన్నారు. అది వాళ్ల మొండితనం కాదు. వరి ఏపుగా, నల్లటి పచ్చగా పెరిగి, ఈనే సమయానికి పడిపోయింది. దోమ పోటు, అగ్గి తెగులు మందులకు లొంగలేదు. వంక మీది గడ్డి తిన్న ఆవులకు పదే పదే నట్టల మందు తాగించాల్సి వస్తోంది. చెరువు దగ్గర బోరు నీళ్లు ఇప్పుడు ఎవరూ తాగడం లేదు.

వరి ఎందుకు పడిపోతోందో లెక్క చూస్తే తెలుస్తుంది. శుద్ధి చేయని పట్టణ మురుగులో లీటరుకు 30 మిల్లీగ్రాముల దాకా నత్రజని ఉండటం మామూలు. ఒక పంట వరికి హెక్టారుకు సుమారు 12,000 ఘనమీటర్ల నీళ్లు పడతాయి. అదంతా మురుగు నీరే అయితే హెక్టారుకు 360 కిలోల నత్రజని, అంటే ఎకరాకు సుమారు 145 కిలోలు వేసినట్టు. వరికి మనం వేయాల్సింది ఎకరాకు 40, 50 కిలోలు. మూడింతలు వేసిన పైరు పడిపోకుండా ఎలా నిలబడుతుంది? పైగా ఎరువైతే పైరు అడిగినప్పుడు వేస్తాం. ఈ నీరు పొట్ట దశలోనూ, గింజ పాలు పోసుకునేటప్పుడూ నత్రజని పోస్తూనే ఉంటుంది.

కాబట్టి సంఘం తరఫున మొదటి మాట: శుద్ధి కేంద్రం కావాలి. అది పట్నం వాళ్లకంటే మనకే ఎక్కువ అవసరం. ఈ పథకాన్నే అడ్డుకుందామని కొందరు తమ్ముళ్లు అంటున్నారు. అడ్డుకుంటే ఏమవుతుంది? మురుగు ఆగదు. ఇప్పుడు వస్తున్నట్టే వస్తుంది, ఏటేటా పెరుగుతుంది. మన పోరాటం శుద్ధి కేంద్రం మీద కాదు. అది ఎక్కడ కడతారు, ఎవరి డబ్బుతో నడుపుతారు, శుద్ధి అయిన నీళ్లు ఎవరివి అన్న మూడు ప్రశ్నల మీద.

ఎన్ని నీళ్లు? ఎన్ని ఎకరాలు?

నీళ్ల విలువ తెలియకుండా బేరానికి కూర్చోకూడదు.

ఇంజినీర్లు వాడే లెక్క ఇది. పైపు డ్రైనేజీ ఉన్న పట్టణంలో మనిషికి రోజుకు 135 లీటర్ల నీరు ఇవ్వాలి. అందులో 80 శాతం మురుగుగా తిరిగొస్తుంది. ఉదాహరణకు 60 వేల జనాభా ఉన్న పట్టణం తీసుకోండి. రోజుకు సుమారు 65 లక్షల లీటర్లు వస్తుంది. వాళ్ల భాషలో 6.5 ఎంఎల్‌డీ. ఎంఎల్‌డీ అంటే రోజుకు పది లక్షల లీటర్లు, మరేమీ కాదు. ఆ మాట విని భయపడొద్దు.

నాలుగు నెలల పంటకాలంలో ఆ నీళ్లన్నీ మడికి చేరితే దాదాపు 160 ఎకరాల వరి పండుతుంది. వేరుశనగ, మొక్కజొన్న లాంటి ఆరుతడి పంటలైతే 380 ఎకరాల దాకా తడుస్తాయి. దారిలో ఇంకేవి, ఆవిరయ్యేవి తీసేసినా తక్కువ నీళ్లు కావు. అదీ వానతో పని లేకుండా. కరువు ఏడాది కూడా పట్నం స్నానం చేయక మానదు కదా. మన ప్రాంతంలో కరువుకు చెక్కుచెదరని నీటి వనరు ఇంకొకటి చూపించండి.

అందుకే పారిశ్రామికవాడ కన్ను వీటి మీద పడింది. వాళ్లను తిట్టాల్సిన పని లేదు. శుద్ధి చేసిన నీటిని పరిశ్రమలు వాడటం దేశంలో చాలాచోట్ల జరుగుతోంది. నాగపూర్‌లో శుద్ధి చేసిన మురుగు నీరు థర్మల్ విద్యుత్ కేంద్రానికి పోతోంది. శుద్ధి కేంద్రానికి 50 కిలోమీటర్ల లోపున్న థర్మల్ కేంద్రాలు ఆ నీటినే వాడాలని 2016 కేంద్ర విద్యుత్ టారిఫ్ విధానం చెప్పింది. మంచిదే, తాగునీరు మిగులుతుంది. కానీ ఇన్నేళ్లు మురికి నీళ్లు మన మీదికి వదిలి, శుభ్రం చేశాక పైపు వేసి పక్కకు తీసుకుపోతామంటే అది న్యాయమా? మురికి మనకు, శుభ్రం వాళ్లకా? వంకలోకి వచ్చే నీటి మీదే బతుకుతున్న ఆయకట్టు ఎండిపోతే పరిహారం ఏమిటో డీపీఆర్‌లో ఒక్క వాక్యం లేదు.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

డ్రైనేజీ పథకంలో మూడు భాగాలుంటాయి. ఇళ్ల నుంచి వీధుల్లోకి వచ్చే చిన్న పైపులు. వాటిని కలిపే పెద్ద పైపులు, పల్లం లేని చోట నీటిని ఎత్తిపోసే పంపు బావులు. చివర్లో శుద్ధి కేంద్రం. చూడటానికి శుద్ధి కేంద్రమే పెద్దది. డబ్బు మాత్రం ఎక్కువగా భూమిలో పూడ్చే పైపులకే పోతుంది. తవ్విన రోడ్లు మళ్లీ వేయాలి, అదొక ఖర్చు.

కేంద్రం నుంచి రెండు దారులున్నాయి. 2021 అక్టోబరు 1న అమృత్ 2.0, స్వచ్ఛ భారత్ పట్టణ మిషన్ 2.0 రెండూ మొదలయ్యాయి. అమృత్‌లో మురుగు పైపుల పనులు ప్రధానంగా అంతకు ముందే గుర్తించిన 500 నగరాలకు. లక్ష లోపు జనాభా ఉన్న చిన్న పట్టణాలకు స్వచ్ఛ భారత్ 2.0లో వాడిన నీటి నిర్వహణ కింద డబ్బు ఉంది, కేంద్రం వాటా సగం. ఆ డబ్బు ప్రధానంగా వీధి కాలువల్లోని మురుగును వంకలో కలవకముందే ఆపి మళ్లించే పనులకు, శుద్ధి కేంద్రానికి. ఇంటింటికీ వేసే పైపుల కోసం కాదు. ఇవి కాక, 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పట్టణాలకు ఇచ్చిన గ్రాంట్లలో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే ఖర్చు పెట్టాలని షరతు పెట్టింది. మన రాష్ట్రంలో లక్ష లోపు జనాభా పట్టణాల నీటి సరఫరా, సెప్టిక్ వ్యర్థాల నిర్వహణ పథకానికి 2018లో ఏఐఐబీ బ్యాంకు 40 కోట్ల డాలర్ల రుణం మంజూరు చేసింది.

ఇదంతా ఎందుకు చెబుతున్నామంటే, కౌన్సిల్‌లో 'కేంద్రం డబ్బు, మనకు పోయేదేమీ లేదు' అని ఒక మాట వినబడుతోంది. అది సగం నిజం. శుద్ధి కేంద్రానికి గ్రాంటు వస్తుంది. ఇంటింటి పైపులకు అప్పు తేవాలి. ప్రతి కోటి అప్పుకు 9 శాతం వడ్డీ వేసుకున్నా ఏడాదికి 9 లక్షలు వడ్డీకే కట్టాలి, అసలు వేరు. ఆ డబ్బు ఇంటి పన్ను మీద, డ్రైనేజీ చార్జీ మీద పడుతుంది. పట్నంలో ఉండే మన పిల్లలు, కూరగాయల మండీలో హమాలీలు, అద్దె ఇళ్లలో కూలీలు ఆ పన్ను కట్టేవాళ్లే. కాబట్టి ఇది పట్నానికీ పల్లెకూ తగాదా కాదు. వాళ్ల జేబులో డబ్బు, మన చెరువులో నీళ్లు ఒకే కాగితం మీద ఉన్నాయి.

మరి మొత్తం పట్నానికి ఒకేసారి పైపులు వేయాలా? అక్కర లేదని మా అభిప్రాయం. ముందు వంకలో కలిసే పెద్ద కాలువలను ఆపి శుద్ధి కేంద్రానికి మళ్లించాలి. సెప్టిక్ ట్యాంకు లారీలు ఎక్కడపడితే అక్కడ వదలకుండా అదే కేంద్రంలో దించాలి. ఇరుకు వీధులకు, కిక్కిరిసిన వార్డులకు ముందుగా పైపులు వేసి, మిగతావి దశలవారీగా వేసుకోవచ్చు. దీంతో అప్పు తగ్గుతుంది, మన వంక తొందరగా బాగుపడుతుంది.

కట్టడం కాదు, నడపడం

ఇక అసలు గండం. కట్టడానికి గ్రాంటు వస్తుంది. నడపడానికి ఎవరిస్తారు?

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021 నివేదిక ప్రకారం దేశంలోని పట్టణాల్లో రోజుకు 72,368 ఎంఎల్‌డీ మురుగు పుడుతోంది. అప్పటికి కట్టిన శుద్ధి కేంద్రాల సామర్థ్యం 31,841 ఎంఎల్‌డీ. నిజంగా శుద్ధి అవుతున్నది 20,235 ఎంఎల్‌డీ. అంటే పుట్టే మురుగులో 28 శాతం. కట్టిన కేంద్రాల్లోనే మూడో వంతుకు పైగా సామర్థ్యం ఉత్తినే పడి ఉంది. కారణాలు కొత్తవేం కావు. కరెంటు బిల్లు కట్టలేదు, పంపు కాలిపోయింది, కాంట్రాక్టరు వెళ్లిపోయాడు, ఇళ్ల నుంచి పైపులు కలపలేదు.

శుద్ధిలో రెండు రకాలు ముందున్నాయి. ఒకటి, పెద్ద పెద్ద గుంటల్లో నీటిని ఇరవై రోజుల పైన నిలిపి, ఎండ, గాలి, నాచుతో శుభ్రం చేసే పద్ధతి. కరెంటు దాదాపు అక్కర లేదు. నట్టల గుడ్లు అడుగుకు దిగిపోతాయి. కానీ ఒక ఎంఎల్‌డీకి రెండు మూడు ఎకరాల భూమి కావాలి. రెండోది, సిమెంటు ట్యాంకుల్లో మోటార్లతో గాలి కొట్టే పద్ధతి. భూమి చాలా తక్కువ చాలు, నీరు బాగా శుభ్రమవుతుంది. కానీ మోటారు ఆగిన రోజే శుద్ధీ ఆగుతుంది.

ఇక్కడ మనం నిజాయితీగా ఉండాలి. కరెంటు అక్కర లేని పద్ధతి కావాలి, మన భూమి ఒక్క సెంటూ పోకూడదు అని రెండూ ఒకేసారి అడగలేం. డీపీఆర్‌లో రెండో పద్ధతి పెట్టారు. దానికి మనం ఒప్పుకోవచ్చు, ఒక షరతు మీద: కనీసం పదేళ్ల నిర్వహణ ఖర్చు, కరెంటుతో సహా, ఎక్కడి నుంచి వస్తుందో తీర్మానంలోనే రాయాలి. పరిశ్రమలకు మిగులు నీళ్లు అమ్మితే వచ్చే డబ్బు వేరే ఖాతాలో వేసి ఆ నిర్వహణకే వాడాలి. 2017 ఫిబ్రవరి 22న సుప్రీంకోర్టు పర్యావరణ సురక్షా సమితి కేసులో ఇదే చెప్పింది: శుద్ధి కేంద్రాలు కట్టడమే కాదు, నడపడానికి డబ్బు సమకూర్చుకునే ఏర్పాటు స్థానిక సంస్థలు చేసుకోవాలి, చేతకాకపోతే రాష్ట్ర ప్రభుత్వం చూసుకోవాలి.

ఇంకొక మాట. పైపుల్లో దిగి శుభ్రం చేసే మనుషుల గురించి డీపీఆర్‌లో ఒక పేజీ కూడా లేదు. రక్షణ లేకుండా మనిషిని మ్యాన్‌హోల్‌లో దించడం 2013 చట్టం ప్రకారం నేరం. చనిపోతే 30 లక్షల పరిహారం ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. శుభ్రం చేసే యంత్రాల ధర పథకంలోనే ఉండాలి. మన మడిలో కాలు పెట్టడానికి మనం భయపడే నీళ్లలోకి ఇంకొకరి బిడ్డను తలదాకా దించడానికి మనం ఒప్పుకోకూడదు.

పక్క ఊళ్లు నేర్పిన పాఠాలు

మూసీ సంగతి మనకు తెలుసు. హైదరాబాద్ మురుగుతో దిగువ కాలువల కింద రైతులు దశాబ్దాలుగా వరి, పశువుల గడ్డి పండిస్తున్నారు. ఆ నీళ్లే వాళ్ల బతుకు, ఆ నీళ్లే వాళ్ల రోగం. నగరానికి 31 కొత్త శుద్ధి కేంద్రాలు కట్టడానికి 2021లో నిర్ణయం జరిగింది. అంతదాకా దిగువ రైతు వాసన పీలుస్తూ ఎదురుచూశాడు. ఆలస్యమైతే భారం ఎవరి మీద పడుతుందో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర లేదు.

రెండోది మన సరిహద్దు అవతల కోలారు. మన చుట్టాలు ఉన్న జిల్లా, మనలాగే చెరువుల మీద, బోర్ల మీద బతికే జిల్లా. బెంగళూరు మురుగును శుద్ధి చేసి రోజుకు 440 ఎంఎల్‌డీ దాకా కోలారు చెరువులకు ఎక్కించే కేసీ వ్యాలీ పథకంలో 2018 జూన్‌లో నీళ్లు లక్ష్మీసాగర చెరువుకు చేరాయి. ఏళ్ల తరబడి ఎండిన చెరువులు నిండుతుంటే జనం పూజలు చేశారు. తరువాతి నెలలోనే నురగ కనిపించి నీళ్లు ఆపాల్సి వచ్చింది. వ్యవహారం హైకోర్టుకు, సుప్రీంకోర్టుకు వెళ్లింది. తరువాత నీళ్లు మళ్లీ వచ్చాయి, బోర్లు లేచాయి. అయినా రెండు దశల శుద్ధి చాలదు, మూడో దశ చేయాలని అక్కడి రైతులు ఇంకా అడుగుతూనే ఉన్నారు. నీళ్లు వచ్చాయన్న సంతోషంలో నాణ్యత అడగడం మరిచిపోతే తరువాత కోర్టుల చుట్టూ తిరగాలి. నాణ్యత ముందే రాయించుకోవాలి.

మూడోది దేవనహళ్లి. బెంగళూరు విమానాశ్రయం పక్కన చిన్న పట్టణం. 2015 నాటికి అక్కడ భూగర్భ డ్రైనేజీ లేదు. 2015లో సెప్టిక్ ట్యాంకు లారీల వ్యర్థాలను శుద్ధి చేసే చిన్న కేంద్రం కట్టారు. బురదను ఆరబెట్టి, పట్నం తడిచెత్తతో కలిపి కంపోస్టు చేసి రైతులకు ఇస్తున్నారు. మనం రాత్రిపూట దొంగచాటుగా పొలంలో పోయించుకున్నదే అక్కడ పద్ధతి ప్రకారం మాగి ఎరువై వస్తోంది. పెద్ద అప్పు చేయకుండా కూడా మొదలుపెట్టవచ్చని ఆ ఊరు చూపించింది.

భూమి పోయేవాళ్ల మాట

శుద్ధి కేంద్రానికి చూపిస్తున్న చోట ఉన్నవి డీకేటీ పట్టాలు. అందరూ ఎకరా, ఎకరన్నర వాళ్లే. 'ప్రభుత్వం ఇచ్చిన భూమి, ప్రభుత్వం తీసుకుంటుంది' అని వాళ్లతో అన్నారట. అది తప్పు. ప్రజావసరానికి అసైన్డ్ భూమి తీసుకున్నా పట్టా భూమితో సమానంగా పరిహారం ఇవ్వాలని 2004లోనే మేకల పాండు కేసులో మన హైకోర్టు తీర్పు ఉంది. రెండు పంటలు పండే నీటి వసతి భూమిని గత్యంతరం లేనప్పుడే తీసుకోవాలని 2013 భూసేకరణ చట్టం 10వ సెక్షను చెబుతోంది. మన రాష్ట్రం 2018లో తెచ్చిన సవరణ కొన్ని ప్రాజెక్టులకు మినహాయింపు ఇచ్చేందుకు వీలు కల్పించింది. దాన్ని అడ్డం పెట్టుకోవచ్చు, జాగ్రత్త.

అసలు గత్యంతరం లేకపోలేదు. వంకకు అవతల మునిసిపాలిటీదే పాత చెత్త డంపు స్థలం ఉంది. అక్కడ కడితే పంపు ఒకటి అదనంగా కావాలంటున్నారు ఇంజినీర్లు. కావచ్చు. ఆ పంపు ఖర్చు ఎంత, ఈ కుటుంబాల భూమి విలువ ఎంత, పక్కపక్కన వేసి చూపించమని అడుగుదాం. చెరువు లోపల కడితే ఎవరికీ నష్టం లేదని ఒక కౌన్సిలర్ సలహా ఇచ్చారు. దానికి అస్సలు ఒప్పుకోం. చెరువులను, కుంటలను చెరువులుగానే కాపాడాలని 2001లో హించ్ లాల్ తివారీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నీళ్లు నిలిచే చోట సిమెంటు పోస్తే వానాకాలంలో ఆ నీళ్లు ఎవరి ఇంట్లోకి వస్తాయో ఆ కౌన్సిలర్ గారే ఆలోచించుకోవాలి.

ఇక్కడ మనలో మనకు ఒక మాట. చివరి మడుల వాళ్లకు నీళ్లు కావాలి. ఎగువ వాళ్లకు భూమి పోతుంది. మొన్న కార్యవర్గంలో ఈ విషయం మీద గట్టిగా గొంతులు లేచాయి. లేవాలి కూడా. కానీ 'మాకు నీళ్లొస్తే చాలు, వాళ్ల భూమి పోతే పోనీ' అని దిగువ వాళ్లు సంతకం పెట్టినా, 'మా భూమి మిగిలితే చాలు, నీళ్లు ఎవరికి అమ్ముకున్నా సరే' అని ఎగువ వాళ్లు సంతకం పెట్టినా, రెండు కాగితాలూ మునిసిపాలిటీ ఫైల్లో పక్కపక్కనే చేరతాయి. ఇద్దరమూ ఓడిపోతాం. విడివిడిగా ఎవరూ సంతకాలు పెట్టొద్దని సంఘం కోరుతోంది.

మనం కౌన్సిల్‌కు ఇచ్చే వినతిలో అడిగేవి

1. శుద్ధి కేంద్రం కట్టండి, తొందరగా కట్టండి. మొదటి దశలోనే వంకలో కలిసే కాలువలన్నీ మళ్లించాలి. సెప్టిక్ లారీలు అక్కడే దించాలి.

2. డీకేటీ భూముల బదులు పాత డంపు స్థలాన్ని పరిశీలించి, లెక్కలు బహిరంగంగా పెట్టాలి. తప్పనిసరై భూమి తీసుకుంటే పట్టా భూమితో సమానంగా పరిహారం, ఇంటికొకరికి కేంద్రంలో పని ఇవ్వాలి.

3. శుద్ధి అయిన నీటిపై మొదటి హక్కు చెరువు ఆయకట్టుది. ఆయకట్టు అవసరం తీరాకే మిగులు అమ్మాలి. ఎంత వదలాలో నెలవారీగా రాసి, 1997 చట్టం కింద ఏర్పడిన నీటి వినియోగదారుల సంఘంతో ఒప్పందం చేసుకోవాలి.

4. నీటి నాణ్యత ముందే రాయాలి. కేంద్రం 2017లో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం 100 మిల్లీలీటర్లకు మల క్రిములు 1,000 దాటకూడదు. పచ్చిగా తినే పంటలకు లీటరు నీటిలో నట్టల గుడ్డు ఒకటికి మించకూడదని 1989లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మనది టమోటా, కీర, కొత్తిమీర పండించే ప్రాంతం. ఈ రెండు కొలతలూ పాటించాలి. నెలకోసారి పరీక్ష చేసి, ఫలితాన్ని చెరువు కట్ట మీద బోర్డులో తెలుగులో రాయాలి.

5. ఆసుపత్రులు, వర్క్‌షాపులు, రంగుల అద్దకం పనుల నీళ్లు ఇళ్ల మురుగులో కలవకూడదు. శుద్ధి కేంద్రం క్రిములను చంపుతుంది, లోహాలను, రసాయనాలను చంపలేదు. అవి మన మట్టిలో చేరితే తీయలేం.

6. పదేళ్ల నిర్వహణ నిధి, పారిశుధ్య కార్మికులకు యంత్రాలు, రక్షణ తీర్మానంలోనే ఉండాలి.

7. పర్యవేక్షణ కమిటీలో ఆయకట్టు రైతులు ఇద్దరు, నాట్లు వేసే మహిళా కూలీలు ఇద్దరు ఉండాలి. కాలు పెట్టేది వాళ్లే కనుక నీళ్లు ఎలా ఉన్నాయో మొదట తెలిసేది వాళ్లకే.

వీటితో పాటు మన వంతు కూడా చెప్పాలి. కేంద్రం నడిచే దాకా వంక నీళ్లతో ఆకుకూరలు, పచ్చిగా తినే కూరలు వేయొద్దు. కోతకు రెండు వారాల ముందు తడి ఆపాలి. నాట్లకు వచ్చే వాళ్లకు బూట్లు, చేతొడుగులు మనమే ఇవ్వాలి. లారీ మురుగును పొలంలో వదిలించుకోవడం ఈ రోజు నుంచే మానాలి. మనం చేయాల్సింది చేయకుండా మునిసిపాలిటీని నిలదీస్తే వాళ్లు ముందు మన పొలమే చూపిస్తారు.

కౌన్సిల్ సమావేశానికి ముందు ఆదివారం ఉదయం చెరువు మరవ దగ్గర కలుద్దాం. కౌన్సిలర్లందరినీ, పట్నం వార్డుల పెద్దలను కూడా పిలుస్తున్నాం. ఉపన్యాసాలు ఉండవు. వంక వెంబడి నడిచి, పట్నం చివరి కాలువ దగ్గర మొదలుపెట్టి చివరి మడిదాకా చూపిద్దాం. పటంలో నీలం మరకగా ఉన్నదాని కింద ఎంతమంది బతుకుతున్నారో వాళ్ల కళ్లతో వాళ్లు చూడాలి. ఆ తరువాత తీర్మానం మీద చేయి ఎత్తనీయండి.

ప్రతి ఇంటి నుంచి ఒకరు రావాలి. నాట్లు వేసే అక్కచెల్లెళ్లు తప్పకుండా రావాలి. మీరు మాట్లాడితేనే వాళ్లు వింటారు.

సెలవు.